పెట్టెల కంటే ముందు గోడలు

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ పట్టణాల్లో కొత్తగా లేస్తున్న ఇళ్ల ప్లాన్లలో పూజగది, వంటగది, పడక గదుల వరసలోకి మరో గది వచ్చి చేరుతోంది. దాని మీద ‘హోమ్ థియేటర్’ అని రాసి ఉంటుంది. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బుతో కట్టే ఇల్లయినా, అమెరికాలో ఉన్న కొడుకు తల్లిదండ్రుల కోసం కట్టిస్తున్న ఇల్లయినా, ఇక్కడే వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం ఇల్లయినా ఆ ఆశలో తేడా లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీలు, ప్రొజెక్టర్లు, ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో ఆ ఆశ మరికొంత అందుబాటులోకి వచ్చింది. ఈ గదిని విలాసమని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఇల్లు కట్టే స్తోమత ఉన్నవాళ్లు ఆలోచించి కట్టుకోవాల్సిన గదే అది. నా అభ్యంతరమంతా ఖర్చు పెట్టే వరస మీద. తెర ఎన్ని అంగుళాలు, స్పీకర్ బాక్సులు ఎన్ని, యాంప్లిఫయర్ ఏ కంపెనీది అన్నవి అన్నింటికంటే ముందు తేలిపోతున్నాయి. గది కొలత, గోడ మందం, తలుపు బరువు, గాలి వచ్చే దారి గృహప్రవేశం నాటికి కూడా తేలడం లేదు. బాక్సు చేసిన శబ్దంలో మన చెవికి నేరుగా చేరేది కొంతే. మిగతాదంతా గోడలకు, నేలకు, కప్పుకు తగిలి తిరిగి వచ్చేదే. కాబట్టి ఈ గదిలో మొదట కొనాల్సిన పరికరం గదే.

ఈ సంగతి నూట ముప్ఫై ఏళ్ల కిందటే తేలింది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరం ఎందుకూ పనికిరాకుండా పోయింది. అక్కడ పలికిన మాట ఐదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. ఈలోగా మరో పది మాటలు వచ్చి దాని మీద పడేవి. దాన్ని బాగుచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, వాటి సంఖ్య పెంచుకుంటూ పోయి, శబ్దం ఎంతసేపట్లో అణిగిపోతోందో రాత్రిళ్లు కూర్చుని కొలిచాడు. ఆ శ్రమలోంచి పుట్టిన సూత్రం బడిపిల్లలు కూడా వేయగలిగిన లెక్క. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, ఆ గదిలోని వస్తువులూ గోడలూ కలిసి పీల్చుకునే మొత్తంతో భాగిస్తే శబ్దం అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి.

దాన్ని మన ఇంటికి వేసి చూద్దాం. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది అనుకుంటే ఘనపరిమాణం 61 ఘనపు మీటర్లు. నాలుగు గోడలు, నేల, కప్పు కలిపితే వెయ్యి చదరపు అడుగులకు కొంచెం పైన, అంటే 96 చదరపు మీటర్లు. సిమెంటు గిలాబు, గ్రానైట్, టైల్స్ తమ మీద పడిన శబ్దంలో రెండు మూడు శాతం మాత్రమే పీల్చుకుని మిగతాదంతా వెనక్కి కొడతాయి. ఆ లెక్కన ఖాళీ గదిలో శబ్దం సుమారు 4 సెకన్లు తిరుగుతుంది. సోఫాలు వేసి నలుగురు కూర్చుంటే ఒకటిన్నర సెకనుకు దిగుతుంది. సినిమా చూసే ఇంటి గదికి కావాల్సింది 0.3 నుంచి 0.5 సెకను. ఆ స్థాయికి రావాలంటే గది లోపలి ఉపరితలంలో నాలుగో వంతు మెత్తగా, మందంగా ఉండి శబ్దాన్ని మింగాలి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా అది చేసిన శబ్దాన్ని గ్రానైట్ నేల మరో నాలుగుసార్లు చేసి చూపిస్తుంది.

ఈ ఇబ్బంది మన పాత ఇళ్లకు లేదు. మందమైన మట్టిగోడలు, కర్ర దూలాలు, గూనపెంకల కప్పు, నడుమ ఆకాశానికి తెరిచిన భవంతి. శబ్దం పెంకల సందుల్లోంచి, భవంతి మీదుగా బయటికి పోయేది. ఒగ్గుకథ, చిందు భాగవతం ఊరి నడుమ ఆరుబయట ఆడినవే కాబట్టి గొంతుకు అడ్డుపడే గోడే ఉండేది కాదు. ఇప్పటి ఇల్లు ఆరు వైపులా గట్టిదనం. కరీంనగర్ గుట్టల నుంచి తవ్విన టాన్ బ్రౌన్ గ్రానైట్ దేశదేశాలకు పోతోంది, మన ఇళ్లలోనూ అదే పరుస్తున్నాం. మన్నికలో, మెరుపులో, చల్లదనంలో దానికి సాటి లేదు. వరండాకు, హాలుకు, మెట్లకు అది నిక్షేపం. సినిమా గదికి మాత్రం అదే నేల మీద మందపాటి తివాచీ పరవక తప్పదు.

అణగడం ఒక సంగతైతే, గది కొలత మరొకటి. గంభీరమైన తక్కువ స్థాయి శబ్దానికి అల చాలా పొడుగు. ఎదురెదురు గోడల మధ్య దూరానికి ఆ అల సగం పొడవు సరిపోయినప్పుడు గది ఆ ఒక్క శబ్దాన్ని పట్టుకుని ఊగిస్తుంది. 12 అడుగుల దూరానికి అది దాదాపు 47 హెర్ట్జ్, 18 అడుగులకు 31, పదడుగుల ఎత్తుకు 57. కొలతలు మూడూ వేరుగా ఉంటే ఈ ఊపులు విడివిడిగా సర్దుకుంటాయి. అదే గది 12 అడుగుల చదరమైతే రెండు వైపుల ఊపూ 47 దగ్గరే కలిసి పడుతుంది. అప్పుడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లకు డప్పు చప్పుడు గుండెల మీద పడితే, గది నడిమధ్యలో కూర్చున్నవాళ్లకు అసలు డప్పే వినిపించదు. ఇంట్లో మిగిలిపోయిన చదరపు గదిని థియేటర్‌కు కేటాయించడం మనవాళ్ల అలవాటు. దాన్ని మార్చగలిగేది ముగ్గు పోసే రోజున మాత్రమే. ఒక గోడను మూడడుగులు అటు జరపడానికి ఆ రోజు అయ్యే ఖర్చు సున్నపు గీత. స్లాబ్ పడ్డాక అదే పని చేయడం ఎవరి తరమూ కాదు.

ఇదంతా చెవి కోసుకునే సంగీత ప్రియుల గొడవ, మామూలు ఇంటికి ఇంత పట్టింపు దేనికి అని అడగవచ్చు. నా దృష్టిలో గది బాగుంటే ఎక్కువ మేలు జరిగేది సంగీత ప్రియులకు కాదు, ఇంట్లో ఉన్న ముసలివాళ్లకు. వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది పైస్థాయి శబ్దాలను. మాటలో హల్లులను విడదీసి చూపేవి అవే. దానికి తోడు గది మోత కలిస్తే ‘శబ్దం వినపడుతోంది, మాట తెలియడం లేదు’ అనే దశకు వస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లు వాల్యూమ్ పెంచుతారు, మోత కూడా అంతే పెరుగుతుంది. పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉండి, ఇద్దరు పెద్దవాళ్లే ఏడాదంతా గడిపే ఇళ్లు ఉత్తర తెలంగాణలో ఎన్నో. ఆ ఇద్దరికీ మాట స్పష్టంగా వినిపించే గది ఒకటి ఇవ్వడం, అదనంగా మరో నాలుగు బాక్సులు ఇవ్వడం కంటే ఎంతో విలువైన పని.

2023లో ‘బలగం’ విషయంలో జరిగింది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి ఆ ప్రాంతంలోనే తీసిన ఆ సినిమా మార్చి 3న విడుదలైంది. కొద్ది రోజులకే తెలంగాణ ఊళ్లలో గ్రామ పంచాయతీల దగ్గర తెరలు కట్టి, నేల మీద కూర్చుని, ఊరంతా కలిసి చూశారు. చివర్లో బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్యల గొంతు వినిపిస్తుంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కళ్లు తుడుచుకున్నారు. అక్కడ చుట్టూ మోగే బాక్సులు లేవు, ఖరీదైన ప్రొజెక్టర్ లేదు. మాట మాత్రం ఎవరికీ తప్పిపోలేదు, ఎందుకంటే మాటను చెడగొట్టే గోడలు లేవు. మన యాసలో మాట్లాడే సినిమాలు వస్తున్న కాలం ఇది. ఆ యాసలోని విరుపు, చివర్లో సన్నగా జారిపోయే అక్షరం మోత గదిలో మొదటే పోతాయి. ఇంట్లో కట్టే థియేటర్ కనీసం పంచాయతీ ముందు ఖాళీ జాగాతో సమానంగా మాటను వినిపించాలని కోరుకోవడం అత్యాశ కాదు.

దీనికి పరికరాలు అమ్మేవాళ్ల దగ్గర ఒక జవాబు ఉంది. ఇప్పటి యాంప్లిఫయర్లతో చిన్న మైకు ఇస్తారు. దాన్ని సోఫా మీద పెడితే యంత్రమే గదిని కొలిచి లోపాలు సరిచేసుకుంటుందంటారు. ఈ సదుపాయం నిజంగా పనికొచ్చేదే, ఉంటే వాడుకోవాలి. కానీ అది చేసేది బాక్సులోకి పంపే శబ్దాన్ని ఒకచోట తగ్గించడం, ఒకచోట పెంచడం. గోడకు తగిలిన శబ్దం గదిలో తిరుగుతూ ఉండడాన్ని అది ఆపలేదు. గది నడుమ 47 హెర్ట్జ్ దగ్గర రెండు అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంటే, అక్కడ ఎంత పెంచి పంపినా చెరిపేసే అల కూడా అంతే పెరుగుతుంది. గది సగం బాగున్నప్పుడు ఆ మైకు మిగతా సగం సర్దగలదు. గదికి బదులుగా దాన్ని అమ్మడం మాత్రం కొనేవాళ్లకు అన్యాయం.

ఇక పక్కింటి సంగతి. మన కాలనీల్లో రెండిళ్ల నడుమ నాలుగైదు అడుగుల సందు కూడా ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. గదిలో సినిమా 95 డెసిబెల్స్ మీద నడుస్తోందనుకుంటే, రెండు వైపులా గిలాబు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ అందులో 50 దాకా ఆపుతుంది. లెక్క సరిపోయినట్టే. కానీ ఆ గోడలో వందో వంతు సందు ఉంటే చాలు, గోడ ఎంత మందమైనా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్సే. వెంటిలేటర్, తలుపు కింద వేలెడు ఖాళీ, ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, ఇవే దొంగదారులు. ఆదిలాబాద్ టేకు పేరున్న నేల మనది. ఇంటి ముందు దర్వాజకు ఎంత ఖర్చయినా పెడతాం. థియేటర్ గదికి వచ్చేసరికి లోపల బోలుగా ఉన్న పలుచటి తలుపు బిగిస్తాం. ఇక్కడ కావాల్సింది లోపల నిండుగా ఉన్న బరువైన తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ, కింద ఖాళీ మూసే ఏర్పాటు. అంత తక్కువ ఖర్చుతో అంత ఫలితం ఇచ్చేది ఈ గదిలో మరొకటి లేదు. గోడకు స్పాంజి అంటిస్తే, కోడిగుడ్ల అట్టలు అతికిస్తే బయటికి చప్పుడు పోదన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అది పొరపాటు. మెత్తటి పదార్థం లోపలి మోతను తగ్గిస్తుంది, బయటికి పోయే శబ్దాన్ని ఆపేది బరువూ సందులు లేకపోవడమూ మాత్రమే. ఈ రెండు పనులు వేరని తెలియకపోవడం వల్లే డబ్బు పోయి, పొరుగువాళ్లతో మాట కూడా పోతోంది.

ఆ స్పాంజి గురించి ఇంకో గట్టి మాట చెప్పాలి. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్ కాలిపోయి వంద మంది చనిపోయారు. వేదిక చుట్టూ గోడలకు శబ్దం కోసం అంటించిన పాలియురెథేన్ స్పాంజికి బాణసంచా నిప్పు తగిలి, నిమిషాల్లో హాలంతా విషపు పొగతో నిండిపోయింది. ఇంటి గదిలో బాణసంచా ఉండకపోవచ్చు. కానీ తలుపు మూసి, కిటికీ లేకుండా, గోడల నిండా వైర్లు నడిపి, ఒకే బోర్డు మీద ప్రొజెక్టర్, యాంప్లిఫయర్, ఊఫర్, ఏసీ నడిపే గదిలో ఒక్క వదులైన కనెక్షన్ చాలు. మండే స్పాంజిని ఇంట్లోకి రానివ్వకూడదు. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ పలకలు మండవు, ధరా మరీ ఎక్కువ కాదు. రెండు నుంచి నాలుగు అంగుళాల మందం పలకను కర్ర చట్రంలో బిగించి, మీద గుడ్డ కప్పితే సరిపోతుంది. నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డ ఏదైనా ఇందుకు పనికొస్తుంది.

ఈ గుడ్డ కోసం దూరం చూడనక్కర్లేదు. సిరిసిల్ల మరమగ్గాలు ఆర్డర్ల కోసం ఎదురుచూస్తున్నాయి. ఒకప్పటి బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డరు వస్తే పని, రాకపోతే ఖాళీ అన్న పరిస్థితి నుంచి నేతన్నలు బయటపడాలంటే కొత్త కొనుగోలుదారులు కావాలి. ఇటు ఆదిలాబాద్ పత్తికి పెట్టింది పేరు. అమెరికాలో పాత జీన్స్ గుడ్డను దూదిగా ఏకి, మండకుండా బోరాన్ లవణాలు పట్టించి, శబ్దాన్ని పీల్చే పలకలుగా చేసి అమ్ముతున్నారు. జిన్నింగ్ మిల్లుల్లో, నూలు మిల్లుల్లో మిగిలే వ్యర్థంతో అలాంటి పలక ఇక్కడ తయారు చేసి, సిరిసిల్ల గుడ్డ తొడిగి, రాష్ట్రమంతా అమ్మడానికి అడ్డేముంది? మంటను తట్టుకునే పరీక్షలో నెగ్గితేనే అమ్మాలన్న షరతు మాత్రం కచ్చితంగా ఉండాలి. గ్రామీణ ఉపాధి గురించి మాట్లాడే నాయకులు ఆలోచించదగ్గ విషయం ఇది.

గాలి సంగతి అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోతున్నారు. సందులన్నీ మూసిన 61 ఘనపు మీటర్ల గదిలో ఎనిమిది మంది కూర్చుంటే, వాళ్లు వదిలే ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ గంటకు రెండు వేల పీపీఎంకు పైగా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 చిల్లర. మన రెండున్నర గంటల సినిమా అయ్యేసరికి తలనొప్పి, ఆవలింతలు రావడానికి కారణం సినిమా కానక్కర్లేదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. గాలి తెచ్చేదొకటి, తీసుకుపోయేదొకటి, మలుపులు తిప్పి లోపల మెత్తటి పూత వేసిన రెండు గొట్టాలు వేస్తే గాలి ఆడుతుంది, చప్పుడు దాటదు. వీటి దారి కూడా గోడ కట్టేటప్పుడే వదలాలి. వేడి సంగతీ అంతే. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం తరచూ చూసేదే. అలాంటి చోట స్లాబ్ మీద కట్టిన పెంట్‌హౌస్ గదిని, అదీ పడమటి ఎండ తగిలే వైపున్న దాన్ని థియేటర్ చేసుకుంటే ఏసీ ఆగకుండా మోగుతుంది, ఆ మోత సినిమాలో కలుస్తుంది. కింది అంతస్తులో తూర్పు, ఉత్తర దిక్కున ఉన్న గది అన్ని విధాలా మేలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా వచ్చి కూర్చోగలుగుతారు.

థియేటర్లు మూతపడుతున్న కాలంలో ఇంటింటికీ తెర పెట్టమనడం ఏమిటని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ బాధలో న్యాయం ఉంది. 2024 మే నెలలో జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజుల పాటు ఆటలు ఆపేశాయి. కానీ వాటిని ఖాళీ చేసింది ఇంట్లో ప్రత్యేకంగా కట్టుకున్న గది కాదు. ఆ నెలలో ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేకపోవడం కలిసి దెబ్బకొట్టాయి. చాలాకాలంగా కొరుకుతున్నది చేతిలోని ఫోను. ఫోనులో ఎవరికి వాళ్లే చూస్తారు. ఇంటి థియేటర్‌లో తెర ఒక్కటే కాబట్టి ఏ సినిమా పెట్టాలో నలుగురూ కలిసి తేల్చుకోవాలి, కలిసి కూర్చోవాలి. కలిసి చూసే అలవాటు ఇంట్లో బతికితే ఊళ్లో థియేటర్‌కు పోయే అలవాటు కూడా బతుకుతుందని నేను నమ్ముతున్నాను.

ఇల్లు కట్టడం అయిపోయినవాళ్లు దారి లేదని అనుకోనక్కర్లేదు. చదరపు గది ఉన్నవాళ్లు ఒక గోడ పొడవునా రెండడుగుల లోతున పుస్తకాల, బట్టల అల్మారాలు కట్టి, తలుపులకు బదులు మందపాటి తెర వేస్తే మోత కొంత తగ్గుతుంది, కింది ఊపులూ కొంత చెదురుతాయి. సోఫాను వెనక గోడ నుంచి మూడు నాలుగు అడుగులు ముందుకు జరపడానికి పైసా ఖర్చు లేదు. పదడుగుల దూరంలో కూర్చునేవాళ్లకు 90 అంగుళాల తెర నిండుగా సరిపోతుంది. 120 అంగుళాలకు పెట్టే అదనపు సొమ్మును తలుపు మీద, పలకల మీద పెట్టవచ్చు. అపార్ట్‌మెంట్లలో మాత్రం కష్టమే. ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య నాలుగున్నర అంగుళాల గోడో, తేలిక ఇటుక గోడో లేపుతున్న బిల్డర్లు బ్రోచర్లలో హోమ్ థియేటర్ బొమ్మ వేయడం మానాలి, లేదా ఆ ఒక్క గోడనైనా తొమ్మిదంగుళాలు చేయాలి. కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ గోడ మందం ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.